మా వీధిలోది దిరిసెన చెట్టే: పేరు తేల్చుకున్న నా అనుభవం

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో మా వీధి మలుపు దగ్గర ఒక పెద్ద చెట్టు ఉంది. చుట్టుపక్కల పాత ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయిపోయినా అది మాత్రం అలాగే నిలిచింది. ఇస్త్రీ బండి దాని కిందే ఉంటుంది. పొద్దున కూరగాయల తోపుడుబండి ఆగేదీ అక్కడే. మే నెల మధ్యాహ్నాల్లో డెలివరీ పిల్లలు బైకులు ఆపుకుని కాసేపు నడుం వాల్చేదీ అక్కడే. వేప అయితే వేపచెట్టు దగ్గర అంటాం, రావి అయితే రావిచెట్టు దగ్గర అంటాం. దీన్ని మాత్రం ఇన్నేళ్ళుగా అందరూ "పెద్ద చెట్టు" అనే అంటున్నారు.

పోయినేడు శీతాకాలంలో మా కాలనీ సంఘం వాళ్ళు వీధిలోని చెట్లన్నిటికీ ఒక జాబితా తయారు చేయాలనుకున్నారు. డ్రైనేజీ పైపులు మార్చే పని రాబోతోంది. రోడ్డు తవ్వే రోజున ఏ చెట్టు ఎక్కడుందో, ఎంత లావుందో కాగితం మీద ఉంటే మాట్లాడటానికి కాస్త బలం ఉంటుందని వాళ్ళ ఆలోచన. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాల్సిందే. ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మేడ మీద మొక్కలు పెంచుతానని ఆ పని నాకు అప్పజెప్పారు. వేపలు, కానుగలు, బాదం చెట్లు, గుడి ఆవరణలో చింత, మారేడు, ఇవన్నీ చకచకా రాసేశాను. పెద్ద చెట్టు దగ్గరికొచ్చేసరికి పేరు గడి ఖాళీగా మిగిలింది.

"ఇతరములు అని రాసేయండి మేడం, పోయేదేముంది" అన్నారు సెక్రటరీ గారు.

నాకు మనసొప్పలేదు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల సంగతి మనకందరికీ తెలిసిందే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేయబోతే ఆ మర్రుల కోసం జనం ఏళ్ళ తరబడి పట్టుబట్టారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. దారిన పోయే ప్రతి ఒక్కరికీ అవి మర్రులని తెలుసు కాబట్టే అంతమంది నిలబడ్డారని నా నమ్మకం. "ఇతరములు" కోసం ఎవరొస్తారు?

అలా జనవరి నెలాఖరులో మొదలుపెట్టాను. ఆకు రాల్చే చెట్టును గుర్తుపట్టడానికి అది గడ్డుకాలం. ఆకులు దాదాపు రాలిపోయాయి, పూల జాడే లేదు. కొమ్మల నిండా ఉన్నవల్లా కాయలే. ఎండుగడ్డి రంగులో, పలచగా, బల్లపరుపుగా వందలకొద్దీ వేలాడుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా చాటలో గింజలు చెరుగుతున్నట్టు గలగలమంటాయి. రాత్రిపూట మా మూడో అంతస్తు బాల్కనీలోకి కూడా ఆ చప్పుడు వినిపిస్తుంది.

మొదట ఫోన్లో ఒక యాప్‌తో ఫోటోలు తీసి చూశాను. మాను ఫోటోకి ఒక పేరు, కొమ్మల ఫోటోకి ఇంకో పేరు, దూరం నుంచి తీసిన చెట్టు మొత్తానికి మూడో పేరు వచ్చాయి. ఇలాంటి యాప్‌లు ఆకునో పువ్వునో దగ్గరగా తీస్తే బాగానే చెప్తాయి. బూడిదరంగు బెరడు, మోడు కొమ్మలు మాత్రం ఎన్ని చెట్లకు ఒకేలా ఉంటాయో! వాటిని చూసి కచ్చితంగా చెప్పమంటే యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

మనుషుల్ని అడిగాను. అక్కడా మూడు పేర్లే. ఎదురింటి తాతగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, చెట్లంటే మక్కువ. "ఇది తురాయి జాతే అమ్మా, కాయ చూడు, ఆకు చూడు, చింతాకులా సన్నగా ఉంటుంది" అన్నారు. ఇస్త్రీ చేసే అన్న తల అడ్డంగా ఊపాడు. "నిద్రగన్నేరు మేడం ఇది. పొద్దుగూకంగనే ఆకులు ముడుచుకుంటది. ఎన్నేండ్ల సంది చూస్తున్న, నాకు తెల్వదా?" అన్నాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య అప్పుడే చీపురుతో ఆ రాలిన ఆకునంతా కుప్ప చేస్తోంది. వాళ్ళది నాగర్‌కర్నూల్ వైపు పల్లె. మా మాటలు విని తనే అందుకుంది.

"ఏం తురాయి అమ్మా, ఇది దిరిసెన చెట్టు గాదా! మా ఊర్ల చెరువు కట్ట మీద ఉండె. మా నాయిన దోటితోని రెమ్మలు గుంజి మేకలకు ఏసేటోడు."

ముగ్గురూ ఏదో నోటికొచ్చింది అన్నవాళ్ళు కాదు. ఒక్కొక్కరికీ ఒక్కో ఆనవాలు కనబడింది. అయితే ముగ్గురూ ఒకేసారి నిజం కాలేరు కదా.

మా పెద్దనాన్నగారమ్మాయి డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయింది. రాజమండ్రిలో ఉంటుంది. ఫోన్ చేసి ఫోటోలు పంపనా అక్కా అని అడిగాను.

"ఫోటోలు తర్వాత. ముందు మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకో" అంది. "ఏదో ఒకటి మనసులో పెట్టుకుని దానికి సాక్ష్యాలు వెతక్కు. ఒక్కో పేరుకీ ఎదురుసాక్ష్యం వెతుకు. ఏది కాదో తేలితే ఏదవుతుందో అదే తేలుతుంది. కిందపడ్డవాటితో మొదలెట్టు. చెట్టెక్కక్కర్లేదు."

ఈ సలహా నాకు చాలా నచ్చింది. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగినా ఇదే చెప్తాను.

కింద పడ్డవి కాయలు. మంచివి ఏరుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పేపర్ పరిచి, పిల్లల స్కేలుతో కొలిచాను. పొడవు 20 నుంచి 25 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 4. కాగితంలా పలచన. గింజ ఉన్నచోటల్లా చిన్న ఉబ్బు, పైనుంచే లెక్కపెట్టొచ్చు. ఒక కాయలో తొమ్మిది, ఇంకోదాంట్లో ఏడు. గోరుతో అంచు వెంట చీలిస్తే రెండు రేకులుగా విడిపోయింది. లోపల గుజ్జూ లేదు, జిగురూ లేదు. చదునైన లేతగోధుమరంగు గింజలు, ఒక్కోదాని మీదా గుర్రపు నాడా ఆకారంలో సన్నటి గీత. ఎండాక కాయలో గింజలు వదులవుతాయి, అందుకే ఆ గలగల. ఇంగ్లీషువాళ్ళు ఈ చప్పుడు విని ఈ చెట్టుకు ఆడవాళ్ళ నాలుక అని పేరు పెట్టారట. నాకది బొత్తిగా నచ్చలేదు.

కాయ చేతిలో ఉంటే సగం పని అయినట్టే. తురాయి కాయ ఎవరికి తెలీదు? చిన్నప్పుడు స్కూల్లో వాటితోనే కదా కత్తియుద్ధాలు చేసింది. అర మీటరు దాకా పొడవుంటుంది, నల్లగా, చెక్కలా గట్టిగా, కొడితే మోగుతుంది. తురాయిలాంటి ఆకుతో పసుప్పచ్చ పూలు పూసే పచ్చ తురాయి కూడా మన రోడ్ల పక్కన కావలసినంత. దాని కాయ జానెడు కూడా ఉండదు, రాగిరంగులో చిన్న డాలులా ఉంటుంది. సుబాబుల్ కాయలు సన్నగా గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. ఇవేవీ మా చెట్టు కాయకు దగ్గరగా కూడా రావు. తాతగారికి కాయలు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "తురాయి కాదులే" అని ఆయనే కొట్టేశారు.

నిద్రగన్నేరు సంగతి అంత సులువుగా తెగలేదు. కంటోన్మెంట్ వైపు పాత బంగ్లాల దగ్గర గొడుగులా పరుచుకున్న నిద్రగన్నేర్లు ఉన్నాయి. రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి కొమ్మ చాపుతాయి. వాటి స్వస్థలం మధ్య, దక్షిణ అమెరికాలు. నీడ కోసం తెచ్చి మన ఊళ్ళన్నిటా నాటారు. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళి వాటి కింద వెతికాను. దొరికిన కాయ నల్లగా, మందంగా, వంకరగా ఉంది. విరిస్తే లోపల గోధుమరంగు బంక గుజ్జు, బెల్లం పాకంలాంటి తియ్యటి వాసన. వేళ్ళకంటుకుంటే కడుక్కోవడానికి సబ్బు కావలసొచ్చింది. అక్కడే ఒక ఆవు ఆ కాయల్ని ఏరుకుని తింటోంది. ఆ కాయ తనంతట తాను పగలదు, గలగలలాడదు. మా చెట్టు కాయ ఇది కాదు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. సంతోషించింది గానీ వదల్లేదు. "కాయని బట్టి దిరిసెన కుటుంబమే. కానీ దిరిసెనకు దాయాదులున్నాయి. చిందుగ ఉంది, తెల్లటి మానుతో ఇంకోటుంది. వాటి కాయలూ పలచగా, బల్లపరుపుగానే ఉంటాయి. ఆకు వచ్చేదాకా ఆగు, పువ్వు వచ్చేదాకా ఆగు."

ఆగాను. ఊరికే ఆగకుండా, సీజన్‌వాచ్ అని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు నడిపే కార్యక్రమంలో చేసే పద్ధతినే నేనూ పెట్టుకున్నాను. దేశమంతటా బడిపిల్లలు, మామూలు జనం తమ దగ్గరున్న చెట్టును వారం వారం చూసి చిగురు ఎంత, ముదురాకు ఎంత, మొగ్గ ఉందా, పువ్వు ఉందా, కాయ ఉందా అని రాసిపెడతారు. నేనూ ఆదివారం ఆదివారం కాఫీ తాగాక కిందకి దిగి ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఫిబ్రవరి మొత్తం ఒకటే మాట: ఆకు లేదు, కాయలున్నాయి. మార్చిలోనూ చాలా రోజులు అంతే. ఈ పుస్తకం చూసి వాచ్‌మన్ భార్య నవ్వింది. "సంక్రాంతి దాటంగనే ఆకు రాలుడు మొదలైతది. ఉగాది నాటికి చిగురు. ఎండలు ముదిరినంక పువ్వు, అది రాలితే నేల పసుపు చల్లినట్టయితది. వానలు పోయినంక కాయ. రోజూ ఊడ్చేదాన్ని నన్నడుగు అమ్మా" అంది. నేను తర్వాత నెలల్లో రాసుకున్నవన్నీ ఆమె ఆ రోజు చెప్పిన వరసలోనే జరిగాయి. చెట్టు కింద ఊడ్చేవాళ్ళకి తెలిసినంత దాని ఏడాది లెక్క మరొకరికి తెలీదు. వాళ్ళనే ముందు అడగాలి.

ఉగాదికి కాస్త అటూఇటూగా కొమ్మల చివర్లు పచ్చబడ్డాయి. ఏప్రిల్లో కరెంటువాళ్ళు వచ్చి తీగలకు తగులుతున్న కొమ్మలు నరికి పడేశారు. బాధనిపించింది, కానీ అన్నాళ్ళూ తలెత్తి చూసిన ఆకు అప్పుడే చేతికందింది. రెండు రెమ్మలు తెచ్చుకున్నాను.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జాతి చెట్లన్నిటికీ తాళం చెవి ఆకులోనే ఉంది. మనం ఆకు అనుకునే చిన్న చిన్న రేకులు నిజానికి ఆకులు కావు, పత్రకాలు. స్కూల్లో పిచ్ఛాకార సంయుక్త పత్రం అని చదివిందే. అసలు ఆకు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మొగ్గ కోసం చూడాలి. కాడ కొమ్మకు అతుక్కున్న మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. అక్కడి నుంచి చివరిదాకా ఉన్నదంతా కలిపి ఒకే ఆకు. పత్రకం మొదట్లో మాత్రం ఆ మొగ్గ ఉండదు. ఇది అక్క వీడియో కాల్‌లో రెమ్మ తిప్పించి తిప్పించి చూపించింది. ఒకసారి కళ్ళకి కట్టాక, ఏ చెట్టు దగ్గరకెళ్ళినా చూపు ముందు ఆ మూలకే పోతుంది.

ఇక లెక్క. మా చెట్టు ఆకులో నడిమి కాడకు అటూఇటూ పక్క కాడలు మూడు జతలున్నాయి, ఇంకో ఆకులో నాలుగు. ఒక్కో పక్క కాడకు పత్రకాలు ఏడు జతలు, ఎనిమిది జతలు. దిరిసెనకు పక్క కాడలు రెండు నుంచి నాలుగు జతలు, పత్రకాలు మూడు నుంచి తొమ్మిది, పది జతలు ఉంటాయని అక్క చెప్పింది. సరిగ్గా సరిపోయింది. చిందుగ అయితే పత్రకాలు ఇంకా చిన్నవి, పది జతలకు పైమాటే. తురాయి ఆకుని కూడా పక్కన పెట్టుకుని లెక్కపెట్టాను: పక్క కాడలే పదిహేను జతలు, ఒక్కోదానికీ బుల్లి బుల్లి పత్రకాలు ముప్ఫై జతల దాకా. దూరం నుంచి తురాయీ దిరిసెనా రెండూ చింతాకులా కనిపిస్తాయి గానీ, చేతిలోకి తీసుకుంటే పోలికే లేదు.

పత్రకం ఒక్కటి తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. మూడు, నాలుగు సెంటీమీటర్ల పొడవు, చివర గుండ్రంగా ఉంది. నడిమి ఈనె నడిమధ్యన లేదు, పై అంచు వైపు జరిగి ఉంది. అందువల్ల పత్రకం ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. నిద్రగన్నేరు పత్రకం డైమండు ఆకారంలో ఉంటుంది. కింద చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి, చివరి జత అన్నిటికన్నా పెద్దది. వెనక మెత్తటి నూగు. దిరిసెనలో చివరి జతకీ మధ్య జతకీ పెద్ద తేడా లేదు.

ఇంకొకటుంది. ఆకు కాడ మొదట్లో, కొమ్మకు దగ్గరగా, కంది గింజలో సగమంత ఉబ్బు. అది గ్రంథి. లేత ఆకులో అక్కడ తియ్యటి తేమ ఊరుతుంది. కిటికీ పక్కన రెమ్మ పెట్టి లోపలికెళ్ళి వచ్చేసరికి చిన్న నల్లచీమలు ఆ ఉబ్బు దగ్గరే మూగి ఉన్నాయి, ఆకు మీద ఇంకెక్కడా లేవు. తురాయి కాడ మీద ఇలాంటి గ్రంథి ఉండదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన ఆనవాలు ఇదే. చెట్టు మీద చీమ ఎక్కడ ఆగుతుందో చూడటం కూడా గుర్తుపట్టే పనిలో భాగమవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇస్త్రీ అన్న చెప్పిన మాటను కూడా పరీక్షించాను, ఎందుకంటే ఆయన కళ్ళతో చూసింది ఆయన చెప్పాడు. సాయంత్రం చీకటి పడుతుండగా చెట్టు కింద నిలబడ్డాం ఇద్దరం. నిజమే. పత్రకాలు జతలు జతలుగా దగ్గరకొచ్చి ముడుచుకున్నాయి, కాసేపటికి ఆకులన్నీ కిందకి వాలిపోయి, పగలు కనబడని ఆకాశం కొమ్మల మధ్య కనిపించింది. "చూసినవా మేడం?" అన్నాడు. ఇద్దరం గుడి దాకా నడిచి చింతచెట్టు చూశాం. అదీ ముడుచుకుంది. ఖాళీ జాగాలో సుబాబుల్ కూడా అంతే. రాత్రి ఆకు ముడవడం ఈ జాతుల్లో చాలా చెట్ల అలవాటు, నిద్రగన్నేరు ఒక్కదానిది కాదు. ఆయన చాలా ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు బండి దగ్గరికొచ్చే వాళ్ళకి ఆయనే చింతాకు సంగతి చెప్తున్నాడు.

కరెంటువాళ్ళు కొట్టిన కొమ్మల్లో తొడ లావున్నది ఒకటి మా వెనక వీధి వడ్రంగి తీసుకెళ్ళాడు. కోసిన ముఖం చూశాను. చుట్టూ తెల్లటి చెక్క, మధ్యలో ముదురు గోధుమరంగు చేవ, రెండూ గీత గీసినట్టు వేరుగా ఉన్నాయి. "దిరిసెన చేవ ఇట్టాగే ఉంటదమ్మా. మా తాత గానుగ పనికి దీన్నే వాడేవాడు" అన్నాడు. నేను పేరు చెప్పకముందే అతనా మాట అన్నాడు. ఆ సాక్ష్యం కూడా పుస్తకంలో రాసుకున్నాను.

పువ్వు ఏప్రిల్ చివర్లో వచ్చింది. కంటికి కనపడకముందే వాసన తెలిసింది. రాత్రి పది దాటాక బాల్కనీ తలుపు తీస్తే చల్లటి, తీపి కలిసిన పరిమళం. మర్నాడు పొద్దున చూస్తే కొమ్మల చివర ఆకుల మధ్య లేత ఆకుపచ్చ, తెలుపు కలిసిన కుచ్చులు. రాలినవాటిలో ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. బరువే తెలీలేదు. కుచ్చు అంతా ఒక పువ్వు కాదు, ఇరవై ముప్ఫై పూల గుత్తి. ఒక్కో పువ్వుకీ అడుగున ఆకుపచ్చ గొట్టంలాంటి చిన్న ఆకర్షణపత్రావళి (పూరేకుల వరస), దాంట్లోంచి మూడు సెంటీమీటర్ల దాకా పట్టుదారాల్లాంటి కేసరాలు. దారం మొదట్లో తెలుపు, చివరకు పోయేకొద్దీ లేత ఆకుపచ్చ. మనం పువ్వని మురిసిపోయేదంతా ఆ కేసరాలే. సాయంత్రానికి అవి వాడి ఆవపిండి రంగుకు తిరిగాయి. ఊడ్చే ఆమె చెప్పిన పసుపు ఇదే. నిద్రగన్నేరు కుచ్చు గులాబీరంగులో ఉంటుంది, దూరం నుంచే తేడా తెలుస్తుంది. చిన్న చిన్న పసుపు సీతాకోకచిలుకలు కొన్ని కొమ్మల చుట్టూ తిరుగుతున్నాయి. వాటి గొంగళిపురుగులు ఈ చెట్టు ఆకునే తిని పెరుగుతాయి.

దిరిసెనే సంస్కృతంలో శిరీషం. మా కాలనీలో ఇద్దరు శిరీషలున్నారు, ఒకరు బ్యాంకులో చేస్తారు, ఒకమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఇద్దరినీ పిలిచి పూలు చేతిలో పెట్టాను. రోజూ ఆ చెట్టు కిందనుంచే నడిచే ఇంటరమ్మాయి తన పేరు పువ్వును చూడటం అదే మొదటిసారి. చున్నీ కొంగులో మూటకట్టుకుని తీసుకెళ్ళింది.

పూలున్న రెమ్మ ఒకటి, పోయినేటి కాయ ఒకటి, విడిగా ఆకు ఒకటి న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన దిండ్లూ డిక్షనరీలూ ఎత్తాను. రోజూ పేపరు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆరాక అట్టకు కుట్టి, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, చెట్టు ఎత్తెంత, పువ్వు రంగేమిటి అన్నీ కింద రాశాను. ఎండితే రంగు పోతుంది కాబట్టి రంగు పచ్చిగా ఉన్నప్పుడే రాసుకోవాలని అక్క గట్టిగా చెప్పింది. వేసవి సెలవులకు తను హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ అట్టను భూతద్దంతో చూసింది. కాడ మీద గ్రంథి చూసింది, ఈనె చూసింది, కాయ వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత కిందకి దిగి చెట్టు మాను మీద చెయ్యి వేసి ఒకసారి పైకి చూసింది.

"ఇక రాసుకో. శాస్త్రీయ నామం ఆల్బిజియా లెబ్బెక్" అంది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని తుమ్మలు, అత్తిపత్తిల సరసన మైమోసా అనే జాతిలో చేర్చాడు. 1844లో మరో వృక్షశాస్త్రవేత్త బెంథమ్ ఆల్బిజియా జాతిలోకి మార్చాడు. ఈ జాతికి చెందిన మరో చెట్టును 18వ శతాబ్దంలో ఐరోపాకు తీసుకెళ్ళిన ఫ్లారెన్స్ ప్రభువు ఆల్బిజ్జీ పేరే ఆల్బిజియా. ఇంతచేసీ ఇది మన నేల మీది చెట్టే. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది, నిద్రగన్నేరు అమెరికా నుంచి వచ్చింది, వాటి పేర్లు మాత్రం అందరికీ తెలుసు.

ఒకసారి తేల్చుకున్నాక నగరమంతా దిరిసెనలే కనిపిస్తున్నాయి. ఉస్మానియా క్యాంపస్‌లో కనిపించాయి, తార్నాక వైపు పాత గోడల వెంట కనిపించాయి. ఈ ఏడాది ఫిబ్రవరిలో కాజీపేట నుంచి రైల్లో వస్తూ కిటికీ పక్కన కూర్చుంటే, ఆకు లేని కొమ్మల నిండా గడ్డిరంగు కాయలతో పొలాల మధ్య నిలబడ్డ చెట్లు అంత వేగంలోనూ తెలిసిపోయాయి. ఆ నెలలో వేరే చెట్లు అలా కనిపించడం అరుదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కష్టమైన కాలమే, తెలిసినవాళ్ళకి అన్నిటికన్నా సులువైన కాలం.

కాయలు కొన్ని వాచ్‌మన్ భార్య అడిగి తీసుకుంది. వాళ్ళ ఊరి చెరువు కట్ట మీది చెట్టు ఇప్పుడు లేదట. గింజ పైపొర చాలా గట్టిది, ఊరికే నాటితే నీళ్ళు లోపలికి పట్టడానికి చాలాకాలం పడుతుంది. వేడినీళ్ళలో వేసి, ఆ నీళ్ళు చల్లారాక రాత్రంతా అలాగే నానబెట్టి, ఉబ్బినవాటినే వానలు మొదలయ్యాక పాతమని చెప్పాను.

జాబితాలో పేరు గడి నిండింది. చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి కొలిచాం, ఛాతీ ఎత్తు కొలత అంటే అటవీశాఖవాళ్ళకి అదే. ఇస్త్రీ అన్న ఆ పక్క, నేను ఈ పక్క టేపు పట్టుకున్నాం, 2.9 మీటర్లు వచ్చింది. నేను ఆ కాగితంలో కొత్తగా రెండు గడులు చేర్చాను: ఆకు రాల్చే నెలలు, పూసే నెలలు. ఈసారి సంఘం మీటింగు ఫిబ్రవరిలోనే పడింది. కొత్తగా వచ్చిన ఒక ఫ్లాట్ ఓనరు, "మలుపు దగ్గర చెట్టు ఎండిపోయింది కదా, ఎవరి మీదన్నా పడకముందే కొట్టించేద్దాం" అన్నారు. ఆయనకు కోపం ఏమీ లేదు, నిజంగానే భయపడ్డారు. నేను ఆయన్ని కిందకి తీసుకెళ్ళి చేతికందే ఒక సన్న కొమ్మ మీద గోరుతో గీరి చూపించాను. బెరడు కింద తడిగా పచ్చగా ఉంది. పైకొచ్చాక సెక్రటరీ గారు జాబితా తెరిచి అందరికీ వినపడేలా చదివారు: "దిరిసెన. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులుండవు, చెట్టు బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే పూత." చదివి, ఆ ప్రతిపాదన కొట్టేసి, డ్రైనేజీ విషయానికి వెళ్ళారు.